తుఫానుకి పెంకుటిల్లు నిలబడాలంటే ముందు ఏం చేయించాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముక్తేశ్వరం దగ్గర పల్లెలో తాతగారి నాటి పెంకుటిల్లు, వెనక వంటింటికి ఆనించి ఇనుప రేకుల షెడ్డు, పక్కన నాన్నగారు పదేళ్ల కిందట వేయించిన ఒక స్లాబు గది, చుట్టూ ఇరవై కొబ్బరి చెట్లు, గోదావరి గౌతమి పాయ గట్టుకి కిలోమీటరున్నర దూరం. మీరు హైదరాబాద్‌లో, అమ్మానాన్న అక్కడ. మొంథా తుఫాను వచ్చిన రాత్రి షెడ్డు రేకులు మూడు లేచిపోయాయి, ఇప్పుడు లక్ష లోపల ఏం చేయిస్తే బాగుంటుంది, లేకపోతే మొత్తం పడగొట్టి స్లాబు వేసేయడమే నయమా అని అడిగారు.

పడగొట్టకండి. నేను ముప్ఫై ఏళ్లుగా అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు ఇళ్లు కట్టిస్తున్నాను. పెంకుటిల్లు బలహీనం, స్లాబు బలం అనేది సగమే నిజం. ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పు పట్టి పెచ్చులూడుతున్న స్లాబు కింద పడుకోవడం కంటే సరిగ్గా కట్టిపడేసిన పెంకుటిల్లు ఎంతో మేలు. చిక్కంతా ఆ 'కట్టిపడేయడం' దగ్గరే వస్తుంది. మన పాత ఇళ్లలో దూలం గోడ మీద కూర్చుంటుంది, వాసం దూలం మీద కూర్చుంటుంది, పెంకు రీపరు (వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న పట్టె) మీద కూర్చుంటుంది. అన్నీ బరువుతో కూర్చున్నవే తప్ప ఒకదాన్నొకటి పట్టుకున్నవి కావు. పైనుంచి వాన, కోతులు, ఏది వచ్చినా పర్వాలేదు, ఎందుకంటే అవన్నీ కిందికి నొక్కేవే. తుఫాను గాలి మాత్రం కప్పుని పైకి లాగుతుంది.

ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. గాలి వచ్చి ఇంటిని తోసేస్తుంది అనుకుంటాం. ఎదురుగా ఉన్న గోడని తోసే మాట నిజమే, కానీ కప్పు మీద నుంచి జారుకుంటూ పోయేటప్పుడు, ముఖ్యంగా చూరు దగ్గర, మూలల దగ్గర, కొప్పు (రెండు వాలులూ కలిసే పై అంచు) దాటాక, పైకి పీలుస్తుంది. ఎంత లాగుడో ఒక లెక్క చెబుతాను, మీరు చదువుకున్నవారు కాబట్టి. గంటకి 100 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకి సుమారు 47 కేజీల ఒత్తిడి వస్తుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. ఇళ్ల డిజైన్‌కి వాడే ఐఎస్ 875 కోడ్‌లో మన కోస్తాకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. అంత గాలికి చదరపు మీటరుకి దాదాపు 150 కేజీలు. మీ షెడ్డు రేకు పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు అనుకుంటే ఒక్క రేకు మీదే అయిదు క్వింటాళ్ల దాకా లాగుడు పడుతుంది. రేకు బరువేమో పదిహేను కేజీలు. మిగతా భారమంతా నాలుగైదు మేకులు మోయాలి, అదీ మూలల్లో ఇంతకంటే ఎక్కువ. ఇప్పుడు చెప్పండి, ఆ మూడు రేకులు ఎగిరిపోవడంలో వింతేముంది?

ఇంకొక మాట కూడా, భయపెట్టడానికి కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా గాలి 90-100 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 110. దానికి మీ పెంకుటిల్లు నిలబడింది కదా అని ధైర్యపడకండి, అది పెద్ద పరీక్ష కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటినది చూసినవాళ్లెవరూ మొంథాని తుఫాను లెక్కలో వేసుకోరు. అప్పటికి నేను పనిలో చేరి రెండేళ్లు. ఆ రాత్రి మా అమ్మ, నేను, చెల్లెలు వంటింట్లో పాత పందిరి మంచం కింద ఉన్నాం. సావిట్లో జోడు తలుపు మధ్య గడియ ఊడి రెండు రెక్కలూ తెరుచుకున్నాయి, అంతే, నిమిషం కూడా కాలేదు, కొప్పు దగ్గర పెంకులు సంతలో ఎవరో గిన్నెలు విసిరేస్తున్నట్టు ఎగరడం మొదలైంది. అప్పుడు అర్థం కాలేదు, తరవాత చదువుకుంటే తెలిసింది. గాలి తట్టు తలుపో కిటికీయో పోతే లోపల గాలి నిండి కప్పుని కింది నుంచి తోస్తుంది, పైన గాలి లాగుతుంది. రెండూ కలుస్తాయి. అందుకని 'ఒత్తిడి సమానం అవుతుంది, కిటికీలు కాస్త తెరిచి ఉంచండి' అని వాట్సాప్‌లో తిరిగే సలహా ఉంది చూశారూ, అది శుద్ధ తప్పు. ఇల్లు బిగించి ఉండాలి.

సరే, డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నదానికి వద్దాం. నేనైతే మీ లక్షలో సగానికి పైగా కప్పుని గోడకి కట్టడానికే పెడతాను. మిగతావన్నీ దాని తరవాతే.

వాసాలు దూలానికి, గోడ మీద పరిచిన చెక్కకి ఎక్కడెక్కడ తగులుతున్నాయో ప్రతిచోటా ఇనుప పట్టీ వేయించండి. ఇంచి వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం, గాల్వనైజ్డ్ (జింకు పూత పూసినది, జీఐ అంటారు) అయితే మంచిది, లేకపోతే ఉప్పుగాలికి అయిదారేళ్లలో పుచ్చిపోతుంది. వాసం మీదుగా తిప్పి రెండు పక్కలా బోల్టు వేయాలి, మేకు కాదు. మేకుకి ఉన్న జబ్బేమిటంటే పక్కకి లాగితే పట్టుకుంటుంది గానీ తిన్నగా పైకి లాగితే వెన్నలోంచి జారినట్టు వస్తుంది, పైగా మీది తాటి వాసం అయితే దాని నారలో మేకు నిలకడగా ఉండదు. వడ్రంగి 'నాలుగు అంగుళాల మేకు కొడితే చాలు బాబూ' అంటాడు. ఒప్పుకోకండి.

తరవాత ఆ చెక్కనో దూలాన్నో గోడకి కట్టాలి. ఇక్కడే అందరూ మోసపోతారు, గోడ పై వరసలో ఒక బోల్టు పెట్టి సిమెంటు పోసి చాలనుకుంటారు. పైనున్న రెండు వరసల ఇటికతో సహా లేచిపోయిన కప్పుల్ని నేను చూశాను. పట్టీ గోడ లోపలి వైపు మూడడుగులు కిందికి దిగి, అక్కడ గోడకి అడ్డంగా దూరిన బోల్టుకి బిగించాలి. ఎందుకు మూడడుగులంటే, తొమ్మిదంగుళాల గోడలో మీటరు పొడవు, మీటరు ఎత్తు ముక్క నాలుగు క్వింటాళ్లకి పైగా తూగుతుంది. కప్పు లేవాలంటే ఆ బరువు కూడా లేవాలి. ప్రతి నాలుగడుగులకొక పట్టీ, మూలల దగ్గర ఇంకా దగ్గరగా. మీ ఇంటి గోడ మట్టి అడుసుతో కట్టినదైతే, ఆ కాలం ఇళ్లలో చాలావాటికి అదే, బోల్టు వేసేచోట రెండు పక్కలా పెద్ద వాషరు పలక పెట్టించండి, లేకపోతే ఇటిక పగిలి ఊడొస్తుంది. ముందొక చోట కాస్త చెక్కి ఏ గోడో చూసుకోండి.

ఇంటికి రెండు చివర్లా త్రికోణం గోడ ఉంటే, అది అన్నింటికంటే ముందు పడేది, దాన్ని వాసాలకి కలిపి కట్టాలి. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పయితే ఈ బాధ తక్కువ, మన పాత లోగిళ్లు చాలావరకు అలా కట్టినవే, పెద్దవాళ్లకి తెలిసి కట్టారో అలా కుదిరిందో గానీ గాలికి అదే మంచి ఆకారం. వాసాల కింది వైపు ఏటవాలుగా ఒక పట్టె, మూల నుంచి మూలకి, కొట్టించారంటే వరసగా నిలబెట్టిన పుస్తకాల్లా ఒకవైపు వాలిపోకుండా ఉంటాయి.

ఇక పెంకు. మొత్తం పెంకులన్నీ కట్టించడం మీ బడ్జెట్‌లో కుదరదు, అక్కర్లేదు కూడా. చూరు వెంట రెండు వరసలు, కొప్పు వెంట, నాలుగు అంచుల్లో, అంతే. మంగుళూరు పెంకు కింది వైపు చిన్న కన్నం ఉంటుంది, దాంట్లోంచి జీఐ వైరు పోనిచ్చి రీపరుకి కట్టేస్తారు. కొప్పు పెంకుల మీద పొడవునా సిమెంటు పట్టీ వేస్తే బరువూ వస్తుంది, వాన కూడా దిగదు. చూరు గోడ దాటి అడుగున్నర కంటే బయటికి ఉంటే అది గాలికి పట్టు దొరికినట్టే. దాన్ని కోయించాలంటే నాన్నగారు బాధపడతారేమో, అరుగు మీద కూర్చునే చోటు కదా, అప్పుడు కింద స్తంభాలు వేయించి చూరుని ఆ స్తంభాలకి, స్తంభాలని నేలలో కాంక్రీటు దిమ్మెలకి కట్టించండి.

షెడ్డు సంగతి వేరు. దాన్ని నేను రెండో వరసలో పెడతాను, ఎందుకంటే అది పోతే పోయింది, కానీ ఎగిరిన రేకు మనిషి మెడ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జె హుక్కులు వేయండి, ఇనుప పైపుని కౌగిలించుకునేలా, పైన వాషరుతో. అంచు వరసల్లో మధ్యలో వేసినదానికి రెట్టింపు వేయాలి. మా చెల్లెలు పశువుల షెడ్డుకి నేనే, అవును నేనే, హుక్కుల ఖర్చు మిగులుతుంది కదా అని సాదా మేకులు కొట్టించాను. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను పెద్దగా బలం లేకుండానే వచ్చింది, అయినా రెండు రేకులు తీసుకెళ్లి పక్క చేలో పడేసింది. చెల్లెలు ఇప్పటికీ ప్రతి పండక్కీ ఆ మాట ఎత్తుతుంది. సిమెంటు రేకులైతే మాత్రం వాటి మీదకి ఎవరినీ ఎక్కించకండి, పగిలి కిందపడే ప్రమాదాలు తుఫాను రోజు కంటే ముందు రోజే ఎక్కువ చూశాను. తాటాకు పాక ఏదైనా ఉంటే దానికి పాత చేపల వల కప్పి నాలుగు వైపులా మేకుల్లాంటి గుంజలకి లాగి కట్టేయండి, మత్స్యకారుల పాకల్లో చూసి నేర్చుకున్నది, బాగా పనిచేస్తుంది.

తలుపులు, కిటికీలు. జోడు తలుపుకి ఒక్క గడియ మధ్యలో ఉంటే చాలదు, ప్రతి రెక్కకీ పైనా కిందా గుమ్మంలోకి దిగే బోల్టులు, లోపల వైపు అడ్డకర్ర. అడ్డకర్ర పెట్టుకోవడానికి కొక్కేలు కమ్మరి దగ్గర చేయించుకోండి, మన అమ్మమ్మల ఇళ్లలో ఇవి ఉండేవి, దొంగల కోసం అనుకునేవాళ్లం. అద్దాల కిటికీలకి టేపు అతికించడం వల్ల అద్దం పగలకుండా ఆగదు, ముక్కలు కాస్త తక్కువ చెదురుతాయి, అంతే. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు కిటికీల కొలతకి కోయించి, కన్నాలు పెట్టించి, ఏది ఏ కిటికీదో సుద్దతో రాసి అటక మీద పెట్టేయండి. తుఫాను ముందు రోజు వడ్రంగి దొరకడు, ప్లైవుడ్ దొరకదు, దొరికినా ధర చూసి కళ్లు తిరుగుతాయి.

కొబ్బరి చెట్ల గురించి మీరు అడగలేదు గానీ నాకు మీ ఇంటి ఫోటోలో ముందు కనిపించింది అవే. చెట్టు ఎత్తు ఎంతో ఇంటికి అంత దూరంలో ఉంటే భయం లేదు, అంతకంటే దగ్గర ఉన్నవాటి మీదే దృష్టి పెట్టండి. వంగినవి, మొదలు పుచ్చినవి, మొవ్వులో కొమ్ము పురుగు తిన్నవి తీయించేయడమే మంచిది, ఇంటి పక్కన చెట్టు కొట్టడం నాన్నగారికి ఇష్టం ఉండదు, మీరే మాట్లాడండి. మిగతావాటికి అక్టోబరు మొదట్లోనే దింపు వాళ్లని పిలిచి ఎండు మట్టలు, ముదిరిన గెలలు దించేయించండి. ఎగిరే కొబ్బరికాయ రాయి లాంటిదే. ఆకంతా కోసేస్తే గాలి తగలదు కదా అని కొందరు గుండు కొట్టించినట్టు చేస్తారు, చెట్టు ఏడాది కోలుకోదు, అంత అవసరం లేదు.

నీళ్ల ట్యాంకు స్లాబు గది మీద ఉందన్నారు. తుఫాను అన్న కబురు రాగానే దాన్ని నిండా నింపండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, ఖాళీగా ఉంటే గాలికి బంతి. పైగా కరెంటు నాలుగైదు రోజులు రాకపోతే వాడుకోవడానికి అవే నీళ్లు. పది రోజులు రాకపోవడం కూడా మేం చూశాం. అయితే గది స్లాబు అడుగున పెచ్చులూడి ఊచ కనిపిస్తుంటే మాత్రం, ముందు అది బాగుచేయించండి, అంత బరువు దాని మీద ఉంచకండి. స్లాబు బాగుంటే రాత్రి పూట తలదాచుకోవడానికి కూడా ఆ గదే, ఇనుప మంచం లేదా గట్టి బల్ల ఒకటి అందులో ఉంచమనండి. మీ ఇల్లు సముద్రానికి దూరం కాబట్టి ఉప్పెన భయం లేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఓడలరేవు, అంతర్వేది, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వాళ్లుంటే, పైన రాసిందంతా మీ ఇల్లు కాపాడుకోవడానికి, మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి కాదు. 1996లో వెయ్యికి పైగా మనుషులు పోయారు. తుఫాను షెల్టర్‌కి వెళ్లమంటే వెళ్లిపోండి, తాళం వేసి.

గాలి తగ్గినట్టనిపిస్తే తలుపు తీయొద్దని అమ్మకి నాన్నకి పదేపదే చెప్పండి. తుఫాను కన్ను మీదుగా పోతుంటే అరగంటో గంటో గాలి ఆగి నక్షత్రాలు కూడా కనబడొచ్చు, ఆ తరవాత ఎదురు దిక్కు నుంచి ఒక్కసారిగా కొడుతుంది. 96లో మా పక్కింటాయన అలాంటి విరామంలో ఆవుల్ని చూసొస్తానని వెళ్లి, చావు తప్పి వచ్చాడు. ఒక చిన్న కిటుకు, గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం మీ ఎడమచేతి వైపు, కొంచెం ముందుకి ఉంటుంది. గాలి బలపడుతూ ఉండి దిక్కు మారకపోతే అది మీ మీదకే వస్తోందని లెక్క. ఇది వరండాలోంచే చూడొచ్చు, బయటికి వెళ్లనక్కర్లేదు.

నీటి సంగతి. గాలి ఒక రాత్రి, నీరు పది రోజులు. మీకు రెండు రకాల నీరు, తుఫాను వాన నీరు, జులై ఆగస్టుల్లో గోదావరి వరద. వాన నీరు పోవడానికి మీ వీధి కాలువ ఊరి డ్రెయిన్‌లోకి, అది కౌశిక లాంటి పెద్ద డ్రెయిన్‌లోకి, చివరికి సముద్రంలోకి పోవాలి, సముద్రం పోటు మీద ఉంటే పోదు, మధ్యలో గుర్రపుడెక్క ఉంటే అసలే పోదు. మీ చేతిలో ఉన్నది ఇంటి చుట్టూ మట్టం సరిచేయడం, మండువా తూము శుభ్రం చేయించడం. సెప్టిక్ ట్యాంకు 'తుఫాను వస్తోంది, ఖాళీ చేయిద్దాం' అనుకోకండి, మన దగ్గర భూగర్భ జలం పైకే ఉంటుంది, ఖాళీ ట్యాంకు కింది నీటికి పైకి లేచి పగులుతుంది. లెట్రిన్‌లోకి నీరు వెనక్కి రాకుండా పైపుకి వాల్వు పెట్టించండి.

వరదకి మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం లెక్క మీద ఒక కన్ను వేసి ఉంచమనండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75. భద్రాచలంలో ఇవి 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఆ రోజే మీకున్న టైమ్. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరంలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వదిలారు, 1986లో ఇంకా ఎక్కువ వచ్చింది. మీ ఊళ్లో గుడి గోడ మీదో పాత ఇంటి గోడ మీదో 86 వరద నీరు ఎక్కిన గీత చూపించే పెద్దాయన ఎవరో ఉంటారు, ఆ గీతకంటే రెండడుగులు పైన స్విచ్ బోర్డులు, ఇన్వర్టర్, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టించండి. ఇది ఎలక్ట్రీషియన్‌కి ఒక రోజు పని. నీరు గుమ్మం దాటే ముందు మెయిన్ ఆపేయాలి, గ్యాస్ సిలిండర్ కట్టి పెట్టాలి, అది తేలుతుంది. నీరు తీశాక గోడలు ఆరి, బోర్డులు విప్పి చూసే దాకా మెయిన్ ఆన్ చేయకూడదు. నూతి నీళ్లు బ్లీచింగ్ వేయకుండా తాగొద్దు, తేరిన నీటికైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, వేసి గంట ఆగాలి, మురికిగా ఉంటే ముందు తోడేయాలి.

బీమా గురించి. 2021 ఏప్రిల్ నుంచి ఇళ్లకి 'భారత్ గృహ రక్ష' అని ఒకే రకం పాలసీ అన్ని కంపెనీలూ ఇవ్వాలి, తుఫాను, వరద అందులో ఉంటాయి. ఇంటికి తీసుకుంటే దానితోపాటే సామానుకి కూడా ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలు మించకుండా వస్తుంది. పెంకుటిల్లు అని తీసుకునేటప్పుడే స్పష్టంగా రాయించండి, తరవాత గొడవ పడొద్దు. ఇప్పుడే ప్రతి గదికీ, కప్పుకి లోపలి నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

పనికి జనవరి తరవాత మే లోపల పూనుకోండి, సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయ్యాక మనుషులు దొరుకుతారు, ఎండ కూడా ఉంటుంది. ముందుగా మీరు ఒక పని చేయండి, ఈసారి ఊరెళ్లినప్పుడు చూరు కింద నిలబడి, వాసం గోడ మీద కూర్చున్నచోట పైకి చూసి రెండు మూడు ఫోటోలు పెట్టండి. అక్కడ పట్టీ వేయడానికి చోటు ఉందో లేదో నాకు దాన్నిబట్టి తెలుస్తుంది. నిచ్చెన మీదకి మీరు ఎక్కండి, నాన్నగారిని ఎక్కనివ్వకండి.